అజ్ఞాత నేరస్తుడి రాతల్లో సాహిత్యపు జాడలు, కాలపు జాడలు: వెతికే పద్ధతి

1970 జూలై 26 తపాలా ముద్రతో శాన్ ఫ్రాన్సిస్కో క్రానికల్ పత్రికకు ఒక ఉత్తరం వచ్చింది. రాసినవాడు తనను తాను జోడియాక్ అని పిలుచుకున్న హంతకుడు. ఉత్తర కాలిఫోర్నియాలో 1968 డిసెంబరు నుంచి 1969 అక్టోబరు లోపల ఐదుగురిని చంపాడు. వాడెవడో నేటికీ తేలలేదు. ఆ ఉత్తరంలో చాలా భాగం గిల్బర్ట్, సలివన్‌ల సంగీత నాటకం ‘ద మికాడో’లోని ఒక పాట. చచ్చినా ఎవరూ బాధపడని మనుషుల జాబితా చదువుతూ ఒక పాత్ర పాడే పాట అది.

మూలంలో ఒకచోట ‘ఫ్లోర్ యూ విత్ ఎమ్ ఫ్లాట్’ అని వస్తుంది. చరిత్ర తేదీలు కంఠతా పట్టిన పిల్లలు వాటితో మనల్ని వెల్లకిలా పడేస్తారని భావం. ఉత్తరంలో అదే చోట ‘ఇంప్లోర్ యూ విత్ ఇమ్ ప్లాట్’ అని ఉంది. దానికి ఏ అర్థమూ లేదు. అచ్చులో ఉన్న పాటను చూసి రాసేవాడు చేసే తప్పు కాదది. వేగంగా పాడే పాటను చెవితో విని, అర్థం కాని మాటకు తోచిన శబ్దం పెట్టినవాడు చేసే తప్పు.

‘ఇతనికి మికాడో తెలుసు’ అన్న నిర్ధారణ కన్నా ఈ ఒక్క తప్పు ఎక్కువ చెబుతుంది. ఈ మార్గదర్శి అంతా ఈ తేడా మీదే నడుస్తుంది. రాసినవాడు కావాలని చూపించే జాడ ఒకటి, వాడికి తెలియకుండా జారిపోయే జాడ ఇంకొకటి. మొదటిది వాడు వేసుకున్న వేషం. వాడి అలవాట్లు, వాడు తిరిగిన కాలం, వాడి చెవిన పడిన మాటలు రెండో దానిలో ఉంటాయి. నాటకం పేరు, సినిమా పేరు దొరకగానే చాలామంది సంబరపడి అక్కడే ఆగిపోతారు. నిజానికి పని మొదలయ్యేది అక్కడే.

ముందుగా: ఏ ఉత్తరం ఎవరిది?

ఏ ఉత్తరాలు ఒకే మనిషివో తేల్చుకోకుండా సాహిత్య విశ్లేషణలోకి దిగితే ఇద్దరు ముగ్గురి చదువును కలిపి, లోకంలో లేని మనిషిని తయారు చేస్తారు. ఈ రంగంలో అన్నిటికన్నా ఎక్కువ శ్రమ వృథా అయ్యేది ఈ పొరపాటు వల్లే.

ఉత్తరాలను మూడు కట్టలుగా విడదీయండి. హంతకుడికి తప్ప ఇతరులకు తెలియని వివరమో, ఘటనాస్థలం నుంచి తెచ్చిన వస్తువో ఉన్నవి మొదటి కట్ట. చేతిరాతను బట్టి మాత్రమే అంటగట్టినవి రెండో కట్ట. పోలికను బట్టి ఊహించినవి మూడోది. మొదటి కట్టతో మాత్రమే లక్షణాల పట్టిక తయారు చేయండి. మిగతావాటిని ఆ పట్టికతో పోల్చి చూడండి, దానిలో కలపకండి.

జోడియాక్ విషయంలో దీని అవసరం బాగా కనబడుతుంది. దక్షిణ కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో 1966లో జరిగిన ఒక హత్య గురించి 1967లో వచ్చిన చేతిరాత చీటీలను ఎంతోమంది దశాబ్దాల పాటు జోడియాక్ ఖాతాలో వేశారు. వాటిని రాసింది వేరే వ్యక్తి అనీ, అతనే ఒప్పుకున్నాడనీ, డీఎన్‌ఏ కూడా సరిపోయిందనీ రివర్‌సైడ్ పోలీసులు 2021లో ప్రకటించారు. ఆ చీటీల్లోని మాటలను ఆధారం చేసుకుని కట్టిన సిద్ధాంతాలన్నీ ఒక్కరోజులో కూలాయి. 1978 ఏప్రిల్ ఉత్తరం మీద చేతిరాత నిపుణులకే ఏకాభిప్రాయం లేదు. కాబట్టి దాన్ని మూడో కట్టలోనే ఉంచండి.

నకలు రాయడం

ఇంటర్నెట్‌లో దొరికే టైపు చేసిన ప్రతులను నమ్మకండి. టైపు చేసినవారు తెలిసో తెలియకో అక్షరదోషాలు దిద్దేస్తారు, లేదా కొత్తవి చేరుస్తారు. మంచి స్కాన్ సంపాదించి మీరే రాసుకోండి. మూలంలో పంక్తి ఎక్కడ విరిగితే మీరూ అక్కడే విరవండి. కొట్టివేతలు, పైన ఇరికించిన అక్షరాలు, మాటల మధ్య ఖాళీలు, పెద్ద అక్షరాలు అన్నీ గుర్తు పెట్టండి. సందేహంగా ఉన్న అక్షరాన్ని ఊహించి నింపకుండా ప్రశ్నార్థకం వేసి వదలండి. ఇంకొకరితో విడిగా రాయించి రెండు ప్రతులనూ పోలిస్తే, మీరు చదవాలనుకున్నదే చదివేసిన చోట్లు బయటపడతాయి.

అచ్చయిన మాటలనూ చేతితో రాసిన మాటలనూ వేరే రంగుల్లో ఉంచండి. జోడియాక్ కొన్నిసార్లు దుకాణంలో కొన్న గ్రీటింగ్ కార్డులు పంపాడు. 1969 నవంబరు 8 నాటి కార్డు మీద సిరా కారే పెన్ను బొమ్మ, దానికి తగ్గ చమత్కారం అచ్చయి ఉన్నాయి. ఆ చమత్కారం కార్డు కంపెనీ రచయితది. దాన్ని హంతకుడి శైలి కింద లెక్కపెట్టడం సిగ్గుపడాల్సిన తప్పు, అయినా తరచూ జరుగుతుంది. అయితే ఆ కార్డునే ఎంచుకోవడం మాత్రం వాడి నిర్ణయం. దాన్ని వేరుగా నమోదు చేయండి.

రహస్యలిపిలో ఉన్న భాగాలకు ఇంకో జాగ్రత్త కావాలి. 1969 జూలై 31న మూడు పత్రికలకు మూడు ముక్కలుగా పంపిన 408 గుర్తుల లిపిని సలీనాస్ పట్టణానికి చెందిన ఒక ఉపాధ్యాయుడు, అతని భార్య కలిసి కొద్ది రోజుల్లోనే విప్పారు. ఇలాంటివాడు ‘నేను’ అనే మాటతో మొదలుపెడతాడనీ, ‘చంపడం’ అనే మాట వాడకుండా ఉండడనీ వాళ్లు ఊహించడమే తాళంచెవి అయింది. ఆ పాఠంలో అక్షరదోషాలు కోకొల్లలు. అవి రాసినవాడికి రాని స్పెల్లింగులా, లిపిలోకి మార్చేటప్పుడు దొర్లిన గుర్తుల తప్పులా? లిపిని మాత్రమే చూస్తే తేలదు. అదే తప్పు మామూలు రాతలోనూ కనిపిస్తేనే దాన్ని అలవాటు అనాలి. ‘పారడైస్’ అనే మాటలో ఎస్ ఉండాల్సిన చోట సి రాయడం 408 లిపిలో ఉంది, 1970 జూలై ఉత్తరంలో ఉంది, అదే ఏడాది అక్టోబరు హాలోవీన్ కార్డు మీద ఉంది. 51 ఏళ్ల తర్వాత 2020 డిసెంబరులో విప్పిన 340 గుర్తుల లిపిలోనూ ఉంది. ఇలా రెండు దారుల్లోనూ కనబడిన లక్షణానికే విలువ.

పట్టిక

ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి ఎనిమిది నిలువు వరుసలు పెట్టండి: ఉత్తరం తేదీ, పంక్తి సంఖ్య, ఉన్నది ఉన్నట్టుగా మాట, మూలం అనుకుంటున్నది, మూలంలోని ఖచ్చితమైన మాట, రెండింటికీ తేడా, ఆ మాట ఈ మనిషిని చేరడానికి ఉన్న దారులు, ఈ ఊహ తప్పయితే మిగిలే వివరణ. చివరి వరుసను ఖాళీగా వదిలేయాలనిపిస్తుంది. వదలకండి. అది నిండని ఏ అంశాన్నీ నివేదికలోకి తీసుకెళ్లకండి.

నాలుగో వరుసలో కృతి పేరు రాసి ఊరుకోవడం చాలదు. ఒక నాటకానికి మొదటి ముద్రణ ఉంటుంది, సవరించిన ముద్రణ ఉంటుంది, గ్రామఫోన్ రికార్డులు, టీవీ ప్రదర్శనలు, పాఠశాల ప్రదర్శనలు ఉంటాయి. ఏ ప్రతి అన్నదే అసలు ప్రశ్న.

ఏ ప్రతి నుంచి వచ్చింది?

మికాడోనే పూర్తిగా పట్టి చూద్దాం. అంత సారం ఉన్న ఉదాహరణ ఇంకోటి దొరకదు.

ఆ నాటకం 1885 మార్చి 14న లండన్‌లోని సవాయ్ థియేటర్‌లో మొదలైంది. జాబితా పాటలో వీధి గాయకుణ్ని ప్రస్తావించే చోట మూలంలో నల్లజాతివారిని కించపరిచే మాట ఉంది. 1948లో అమెరికా పర్యటనలో ప్రేక్షకులు అభ్యంతరం చెప్పాక, హక్కులున్న డోయ్‌లీ కార్ట్ కంపెనీ దాన్ని మార్పించింది. రచయిత ఏ.పి. హెర్బర్ట్ సూచించిన సవరణతో ఆ చోటికి ‘బాంజో సెరెనేడర్’ వచ్చింది. జోడియాక్ ఉత్తరంలో ఉన్నది ‘బాంజో’యే, కాకపోతే సెరెనేడర్ స్పెల్లింగు తప్పు. అంటే వాడి చెవిన పడింది పాత పాఠం కాకుండా సవరించిన పాఠమని, 1948 తర్వాతి ప్రదర్శనో రికార్డో అయి ఉంటుందని బలంగా అనుకోవచ్చు. ఏదో ఒక బృందం అంతకుముందే సొంతంగా మాట మార్చుకుని ఉండే అవకాశాన్ని ఎనిమిదో వరుసలో రాసుకోండి.

ఇంకా ముందుకెళితే, మూలంలో ‘లేడీ నావెలిస్ట్’ అని ఉన్నచోట ఉత్తరంలో ఎవరినీ ముద్దు పెట్టుకోని అమ్మాయి ప్రస్తావన ఉంది. ఈ పాటలో ఆ స్థానాన్ని కాలానికి తగ్గట్టు మార్చి పాడటం రంగస్థలం మీద ఆనవాయితీ. కాబట్టి రెండు దారులున్నాయి. వాడే కల్పించాడు, లేదా ఏదో ఒక ప్రదర్శనలో అలా విన్నాడు. రెండోదే నిజమైతే ఆ ప్రదర్శన దొరకడం పెద్ద మలుపు. రికార్డుల జాబితాలు, టీవీ ప్రసారాల పట్టికలు, ఔత్సాహిక నాటక సంఘాల కరపత్రాలు వెతకాల్సింది ఇలాంటి చోటే. ‘మికాడో ఎవరికి తెలుసు?’ అని వెతికితే వేలమంది తేలతారు. ‘ఈ పంక్తిని ఇలా పాడింది ఎవరు?’ అని వెతికితే జాబితా చిన్నదవుతుంది.

అదే ఉత్తరంలో బిలియర్డ్స్ ఆటగాళ్లకు వేసే శిక్ష కూడా ఉంది. అది అదే నాటకంలోని వేరే పాట. మూలంలో జూదరి చెరసాల గదిలో వంకర కర్రతో, కోడిగుడ్డు ఆకారపు బంతులతో ఆడాలి. మూలంలో కర్రకున్న విశేషణం ‘ట్విస్టెడ్’. ఉత్తరంలో కర్ర ‘క్రుకెడ్’ అయింది, ‘ట్విస్టెడ్’ బూట్లకు వెళ్లింది. చెరసాల గది మాత్రం అలాగే ఉంది. మాటలు ఉండి స్థానాలు మారడం జ్ఞాపకం చేసే పని. పుస్తకం ముందు పెట్టుకుని రాసినవాడికి కర్ర విశేషణం బూట్లకు వెళ్లదు.

ఇప్పుడు 1974 జనవరి 29 నాటి ఉత్తరం చూడండి. అందులో అదే నాటకంలోని టిట్‌విల్లో పాట రెండో చరణం చివరి పంక్తులున్నాయి, దాదాపు తప్పు లేకుండా. పక్షి పేరు స్పెల్లింగు, ఆత్మహత్య అనే మాట స్పెల్లింగు తప్పినా మాటల వరుస సరిగ్గా ఉంది. మూడున్నరేళ్లలో వీడికి జ్ఞాపకశక్తి పెరిగిందా? అంతకన్నా సులువైన వివరణ ఉంది. టిట్‌విల్లో నెమ్మదిగా సాగే పాట, ప్రతి మాటా స్పష్టంగా వినబడుతుంది. జాబితా పాట గబగబా పరిగెడుతుంది. ఒకే చెవి రెండు పాటలను ఇలా రెండు రకాలుగా పట్టుకోవడం సహజం. చెవితో నేర్చుకున్నాడన్న ఊహకు ఇది బలం చేకూరుస్తుంది. ఈ తేడాను చూసి ‘ఇద్దరు రచయితలు’ అని కేకవేయడం తొందరపాటు.

ఒక మూలాన్ని ఇలా కనీసం మూడు ప్రతులతో, అంటే తొలి ముద్రణ, సవరించిన ముద్రణ, ఆ కాలంలో అందుబాటులో ఉన్న ఒక శ్రవ్యరూపంతో, పంక్తి పంక్తికీ పోల్చాలి. ఒక సాయంత్రంలో అయ్యే పని కాదు. అయినా మిగతా అన్ని మెట్లకన్నా ఫలితమిచ్చే మెట్టు ఇదే.

పోలిక మూలమేనా, గాలిలో ఉన్న మాటా?

408 లిపిలో, మనిషే అన్నిటికన్నా ప్రమాదకరమైన జంతువు కాబట్టి అడవి జంతువుల వేటకన్నా మనుషులను చంపడం సరదాగా ఉంటుందని ఉంది. ఇది రిచర్డ్ కానెల్ 1924లో రాసిన ‘ద మోస్ట్ డేంజరస్ గేమ్’ కథకు ప్రతిధ్వని అని దాదాపు అందరూ అంటారు. మనుషులను వేటాడే ధనికుడి కథ అది. ఊహ సమంజసమే. కానీ దాని బరువెంత?

ఆ కథ 1932లో సినిమాగా వచ్చింది. 1943లో ‘సస్పెన్స్’ రేడియో కార్యక్రమంలో వచ్చింది. పాఠశాల సంకలనాల్లో తరతరాలు చదివాయి. పైగా కథ పేరులో ఉన్నది ‘గేమ్’ అనే మాట, లిపిలో ఉన్నది ‘యానిమల్’. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలలో 1963లో ‘ప్రపంచంలో అత్యంత ప్రమాదకరమైన జంతువు’ అన్న బోర్డు కింద అద్దం పెట్టారు. చూసేవారికి తమ ముఖమే కనబడేది. అంటే మాట ఎన్నో దారుల్లో తిరుగుతోంది. ఇలాంటి ప్రస్తావన ఎవరినీ దగ్గరికి తేదు, ఎవరినీ దూరం చేయదు. పట్టికలో ఉంచండి, పక్కన ‘బలహీనం’ అని రాయండి.

బలం లెక్కించడానికి అదే కాలానికి, అదే ప్రాంతానికి చెందిన మామూలు రాతలు కావాలి. అదే పత్రికల్లో అవే సంవత్సరాల్లో అచ్చయిన పాఠకుల ఉత్తరాలు ఓ 50 తీసుకోండి. మీరు విశేషం అనుకున్న మాట వాటిలో ఎన్నిసార్లు కనబడుతుందో చూడండి. పత్రికవారు స్పెల్లింగులు దిద్దుతారు కాబట్టి అక్షరదోషాలకు ఈ పోలిక పనికిరాదు, మాటలకు, నుడికారాలకు మాత్రమే పనికొస్తుంది. అమెరికా పాత పత్రికలకు క్రానిక్లింగ్ అమెరికా, పుస్తకాలకు హాతీట్రస్ట్, ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైట్లు వాడండి. యంత్రం చదివిన పాఠాల్లో తప్పులుంటాయి కాబట్టి ఒకే పదబంధాన్ని రెండు మూడు తప్పుడు రూపాల్లోనూ వెతకండి. వెతుకులాటకు తేదీ హద్దు తప్పక పెట్టండి. ఉత్తరం పత్రికలో అచ్చయిన తర్వాతి వాడకమంతా ఆ ఉత్తరం ప్రభావమే కావచ్చు.

ఒకే లక్షణం ఇద్దరిలో ఉండటం ఎంత మామూలో చెప్పే ఉదాహరణ ఒకటుంది. ‘క్లూ’ అనే మాటను జోడియాక్ 1969 నవంబరు ఉత్తరంలో పాత పద్ధతిలో, clew అని రాశాడు. సరిగ్గా ఇదే స్పెల్లింగు, అమెరికాలో తపాలా బాంబులతో మనుషులను చంపిన ‘యూనాబాంబర్’ థియోడర్ కజిన్‌స్కీ రాతల్లోనూ ఉంది. అతను పెరిగిన చికాగోలో ట్రిబ్యూన్ పత్రిక 1934 నుంచి సొంత స్పెల్లింగు సంస్కరణ నడిపింది. అతని వింత స్పెల్లింగులు కొన్ని ఆ పత్రికవేనని భాషావేత్త రోజర్ షై గుర్తించాడు. ఒక్క ‘క్లూ’నే పట్టుకుంటే ఇద్దరూ ఒకటైపోతారు. ఇద్దరూ ఒకటేనని వాదించినవారూ లేకపోలేదు. ఒక లక్షణం ఊరిని సూచించవచ్చు. మనిషిని సూచించాలంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని లక్షణాలు గుత్తిగా కావాలి.

కాలపు జాడలు

ప్రతి ప్రస్తావనకూ ‘ఇంతకుముందు రాసి ఉండడానికి వీల్లేదు’ అనే తేదీ ఒకటుంటుంది. 340 గుర్తుల లిపిని 1969 నవంబరు 8న పంపాడు. విప్పాక అందులో ‘టీవీ షోలో వచ్చింది నేను కాదు’ అన్న మాట బయటపడింది. అక్టోబరు 22న జోడియాక్‌నంటూ ఒకడు శాన్ ఫ్రాన్సిస్కో టీవీ కార్యక్రమానికి ఫోన్ చేశాడు. అంటే లిపి తయారైంది ఆ రెండు తేదీల మధ్య ఉన్న పదిహేడు రోజుల్లోనే. విప్పిన పాఠం సరైనదేనన్న నమ్మకానికి కూడా ఇది ఆసరా.

1970 ఏప్రిల్ 20 ఉత్తరంలో పోలీసును ‘బ్లూ మీనీ’ అన్నాడు. 1968లో వచ్చిన ‘యెల్లో సబ్‌మెరీన్’ సినిమాలో దుష్టుల పేరది. సినిమా అభిమాని అనుకోవచ్చు. కానీ 1969 మేలో బర్క్‌లీలో పీపుల్స్ పార్క్ గొడవలప్పుడు అలమీడా కౌంటీ షెరీఫ్ బలగాలను జనం అదే పేరుతో పిలిచారు. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం అవతలి ఒడ్డున, ఏడాది లోపల. అంటే ఆ మాట సినిమా హాలు నుంచి కాకుండా వీధి నుంచో పత్రికల నుంచో వచ్చి ఉండవచ్చు. ఆ ఉత్తరంలో ఆ మాట వచ్చింది కూడా అంతకు రెండు నెలల ముందు నగరంలోని పోలీసు స్టేషన్‌లో జరిగిన బాంబు పేలుడు తన పని కాదని చెప్పుకునే సందర్భంలోనే. స్థానిక వార్తలను దగ్గరగా అనుసరిస్తున్నాడు అన్నది ఇక్కడ దొరికే గట్టి విషయం.

సినిమాల ప్రస్తావనకు ఆ వారం పత్రికలో వచ్చిన థియేటర్ల ప్రకటనల పేజీ చూడండి. 1974 జనవరి ఉత్తరంలో ‘ది ఎగ్జార్సిస్ట్’ చూశానన్నాడు. ఆ సినిమా విడుదలైంది 1973 డిసెంబరు 26న. అప్పుడు అది ఆడిన హాళ్లు తక్కువ. ఎక్కడ ఆడిందో తేల్చితే, ఆ నెలలో వాడు ఎక్కడికి వెళ్లగలిగిన స్థితిలో ఉన్నాడో ఒక హద్దు దొరుకుతుంది. చూడకుండానే చూశానన్నాడేమోనన్న సందేహాన్ని మాత్రం ఎనిమిదో వరుసలో ఉంచుకోవాలి.

సాంకేతిక మాటలూ చరిత్ర జాడలే. 1970 జూన్ 26 ఉత్తరంతో పాటు పంపిన ఫిలిప్స్ 66 రోడ్డు పటం మీద మౌంట్ డయాబ్లో కేంద్రంగా గుర్తు గీసి, అయస్కాంత ఉత్తరానికి సరిచేసుకోమన్నాడు. ఆ గూఢం రేడియన్లకు, రేడియన్ల వెంట అంగుళాలకు సంబంధించినదని జూలై 26 ఉత్తరంలో రాశాడు. పెట్రోలు బంకుల్లో దొరికే పటం ఎవరినీ పట్టించదు. కోణాన్ని డిగ్రీల్లో కాకుండా రేడియన్లలో చెప్పాలనిపించడం మాత్రం అందరికీ వచ్చే ఆలోచన కాదు. ఇలాంటి మాటలను వేరే పేజీలో పెట్టి, వాటిని ఆ రోజుల్లో ఏ చదువులో, ఏ ఉద్యోగంలో నేర్పేవారో పాఠ్యపుస్తకాల్లో, సైనిక శిక్షణ పుస్తకాల్లో చూడండి. మాట తెలియడం వేరు, సరిగ్గా వాడటం వేరు. రెండింటినీ విడివిడిగా నమోదు చేయండి.

నటన, అనుకరణ

అక్షరదోషాలు నిజమా, నటనా? ఒక కిడ్నాప్ కేసు ఉత్తరాన్ని రోజర్ షై చదివాడు. ‘పోలీసు’కు వాడే చిన్న మాట, ‘డబ్బా’, ‘కూతురు’ లాంటి సులువైన మాటలు తప్పుగా ఉన్నాయి, ‘ప్రెషస్’ లాంటి కష్టమైన మాట సరిగ్గా ఉంది. చదువు రానివాడి తప్పులు కష్టమైన మాటల దగ్గర పెరుగుతాయి, ఇక్కడ తిరగబడింది. చదువుకున్నవాడు రానట్టు నటిస్తున్నాడని తేలింది. అదే ఉత్తరంలో రోడ్డుకూ కాలిబాటకూ మధ్య ఉండే గడ్డి పట్టీని ‘డెవిల్ స్ట్రిప్’ అన్నాడు. ఆ పేరు ఒహాయోలోని అక్రన్ ప్రాంతంలోనే వాడుక. తప్పులు వాడు చూపించినవి, గడ్డి పట్టీ పేరు వాడికి తెలియకుండా జారింది. మీ పట్టికలో తప్పు రాసిన మాటలను కష్టం ప్రకారం వరుసగా పేర్చండి. ఒకే మాట ఒకచోట సరిగ్గా, ఇంకోచోట తప్పుగా ఉంటే అది కూడా నటనకు సూచన.

అనుకరణ ఇంకా ప్రమాదం. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో వరుస హత్యల దర్యాప్తులో 1978, 1979ల్లో మూడు ఉత్తరాలు, ఒక టేపు వచ్చాయి. ఆ ఉత్తరాల తీరు, సంతకం 1888లో లండన్‌లో జాక్ ద రిప్పర్ పేరుతో వచ్చిన ఉత్తరాల నుంచి ఎత్తినవి. మాండలికం చూసిన లీడ్స్ విశ్వవిద్యాలయపు స్టాన్లీ ఎలిస్ టేపులోని గొంతు సండర్‌లాండ్ దగ్గర కాసిల్‌టౌన్ ప్రాంతానిదని చెప్పాడు. ఆ నిర్ధారణ సరైనదే. కానీ ఆ గొంతు హంతకుడిదేనన్న నమ్మకం తప్పు. పోలీసులు ఆ యాస లేనివారిని పక్కన పెడుతూ పోయారు. అసలు హంతకుడు పీటర్ సట్‌క్లిఫ్ 1981 జనవరిలో దొరికే లోపల ఇంకో ముగ్గురు స్త్రీలు ప్రాణాలు కోల్పోయారు. ఉత్తరాలు రాసిన మోసగాడు డీఎన్‌ఏ వల్ల 2005లో దొరికాడు. అతను సరిగ్గా ఆ ప్రాంతపువాడే. ఇంకో మాట, 1888 నాటి ‘డియర్ బాస్’ ఉత్తరం కూడా పత్రికలవారి సృష్టి అని ఆనాటి పోలీసు అధికారులే అనుమానించారు.

కాబట్టి ప్రతి ఉత్తరానికీ పాత ప్రఖ్యాత నేరాల ఉత్తరాలతో పోలిక పరీక్ష తప్పక చేయండి. వరుసగా నాలుగు మాటలు కలిసిన ప్రతిచోటా గుర్తు పెట్టండి. అరువు ఎక్కువున్న ఉత్తరంలో రచయిత సొంతం తక్కువ.

చిన్న మాటలు, నుడికారాలు

ప్రస్తావనల కన్నా నమ్మదగినవి రాసేవాడు గమనించని చిన్న మాటలు. 1964లో మోస్టెలర్, వాలెస్ అనే గణాంకవేత్తలు అమెరికా తొలినాటి ఫెడరలిస్ట్ వ్యాసాల్లో వివాదం ఉన్న 12 వ్యాసాలను ‘అపాన్’, ‘వైల్‌స్ట్’ లాంటి మాటల లెక్కతో మాడిసన్‌వని చూపారు. కానీ దానికి వేలకొద్దీ మాటలు కావాలి. అరపేజీ బెదిరింపు ఉత్తరం మీద రాత శైలిని లెక్కగట్టే స్టైలో లాంటి సాఫ్ట్‌వేర్ నడిపితే అందమైన బొమ్మ వస్తుంది, అర్థం ఉండదు. చిన్న పాఠానికి మిగిలే ఆధారం అరుదైన నుడికారమే.

యూనాబాంబర్ వ్యాసం దాదాపు 35,000 మాటలు. వాషింగ్టన్ పోస్ట్ 1995 సెప్టెంబరు 19న అచ్చేసింది. అందులో ‘కేకు తినేసి ఇంకా చేతిలో ఉంచుకోలేవు’ అన్న సామెత ఉంది. అందరూ ఉంచుకోవడం ముందు, తినడం తర్వాత అంటారు. అతను పాత వరుసలో అన్నాడు, ఇంటికి రాసిన ఉత్తరంలోనూ అలాగే అన్నాడు. ‘కూల్ హెడెడ్ లాజిషియన్స్’ అన్న మాట దగ్గర అతని తమ్ముడికి అన్న గొంతు వినబడింది. 1996 ఏప్రిల్ 3న అరెస్టు జరిగింది. వ్యాసంలో అతను చూపించిన తత్వశాస్త్రం వేలమందికి తెలిసిందే. పట్టించడానికి సాయపడినవి తమ్ముడు గుర్తుపట్టిన ఆ మాట, సామెతలో మాటల వరుస.

తిరగేసి పరీక్షించడం

అనుమానితుడి పేరు మనసులో పెట్టుకుని ఉత్తరం చదివితే ప్రతి పంక్తీ అతనికే సరిపోతుంది. 2001లో అమెరికాలో ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక వ్యాధి క్రిముల పొడితో పంపిన ఉత్తరాల్లో కొన్ని ఏ, టీ అక్షరాలు దట్టంగా దిద్ది ఉన్నాయి. అవి జన్యు సంకేతాలని ఎఫ్‌బీఐ వివరించింది. ఆ అర్థానికి బలమిచ్చినవి అప్పటికే నిఘాలో ఉన్న శాస్త్రవేత్త ఇంటి చెత్తలో దొరికిన వస్తువులు. అతను 2008లో చనిపోవడంతో కోర్టులో దాన్ని ఎవరూ ప్రశ్నించే వీలు లేకపోయింది. ఆ అర్థం నిజమే కావచ్చు. కానీ పేరు తెలిశాక వచ్చిన అర్థానికి, పేరు తెలియకముందే రాసిపెట్టిన అర్థానికి ఉన్నంత బరువు ఉండదు.

అందుకే వరుస ముఖ్యం. పట్టిక పూర్తి చేసి, ప్రతి అంశానికీ బలం, బలహీనం, శూన్యం అని గుర్తు వేసి, తేదీ వేసి మూసేయండి. ఆ తర్వాతే ఎవరి రాతలతోనైనా పోల్చండి. పోల్చేటప్పుడు అనుమానితుడి రాతలతో పాటు అదే వయసు, ప్రాంతం, చదువు ఉన్న మరో నలుగురి రాతలు పేర్లు తీసేసి కలపండి. పట్టిక తెలియని మనిషితో సరిపోల్చి చూడమనండి. ఐదుగురిలో ముగ్గురికి సరిపోయే పట్టిక పనికిరాదు. సరిపోని అంశాలనూ రాయండి. మికాడోను చెవితో నేర్చుకున్నాడని మీరు తేల్చి ఉంటే, ఆ నాటకం పుస్తకం పట్టుకుని రంగస్థలం మీద ఏళ్ల తరబడి పాడిన అనుమానితుడు మీ పట్టికకు వ్యతిరేకం. మికాడో పేరు కలిసింది కదా అని అతన్ని దగ్గరికి తీసుకోకండి.

చివరగా అప్పగించే కాగితం. నాలుగు పేజీలు దాటకుండా చూడండి. మొదటి పేజీలో ఏ ఉత్తరాలు వాడారో, ఏవి వదిలేశారో, ఎందుకో ఉండాలి. తర్వాత బలమైన అంశాలు మాత్రమే, ఒక్కోదానికి ఉత్తరం పంక్తి, మూలం పంక్తి, తేడా, మిగిలి ఉన్న వేరే వివరణ. ఎవరి పేరైనా తట్టితే అది విడి కాగితం మీద, కవరులో, దర్యాప్తు చేస్తున్న పోలీసు విభాగానికి మాత్రమే వెళ్లాలి. ఆ పేరును బహిరంగంగా రాయకూడదు. ఈ కేసుల్లో పాట పోలిక మీద, స్పెల్లింగు పోలిక మీద హంతకులని ముద్ర వేయించుకుని, ఆ ముద్రతోనే చనిపోయిన మనుషులున్నారు. మూసిన పట్టికను కూడా తేదీతో సహా ఆ కవరుకే జత చేయండి.